ఇది నేను కొన్నది కాదు

జనవరి 22, సోమవారం

ఫిలిప్పీన్స్ మొత్తం వచ్చి దిగే మా సెబూ సినులోగ్ పండుగ నిన్నటితో అయిపోయింది. చెవుల్లో డప్పులు ఇంకా మోగుతూనే ఉన్నాయి. అయినా సరే, ఈ రోజు నుంచి నేను మారిన మనిషిని!

కారణం పొద్దున్నే వచ్చిన ఉత్తరం. మా ఆన్‌లైన్ దుకాణానికి కార్డు చెల్లింపులు చూసే కంపెనీ రాసింది. క్రిస్మస్ అమ్మకాల మీద మూడు చార్జ్‌బ్యాక్‌లు వచ్చాయట. మూడింటికీ నేను గడువులోగా జవాబు ఇవ్వలేదట. మూడూ ఓడిపోయానట. ఇలాగే వస్తూ ఉంటే మా ఖాతా సంగతి ఆలోచించాల్సి వస్తుందట.

జవాబు ఇవ్వలేదని ఎలా అంటారు? మూడింటికీ ఇచ్చాను. స్నానం చేస్తూ ఇచ్చాను, బట్టలు ఆరేస్తూ ఇచ్చాను, పూజ మధ్యలో చర్చిలో కూడా ఇచ్చాను. కాగితం మీద పెట్టలేదు, అంతే.

పక్కింటి పాసింగ్ అక్క, మా భాషలో మనాంగ్ పాసింగ్, వీధి చివర బొగ్గుల మీద పంది మాంసం కాల్చి అమ్ముతుంది. నా మొహం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను.

"ఎవరో బెల్జియంలోనో ఎక్కడో కూర్చుని మన ఉకులేలే కొంటారు మనాంగ్. కార్డుతో డబ్బు కడతారు. మనం పంపిస్తాం. ఆ తర్వాత వాళ్ళ బ్యాంకుకు ఫోన్ చేసి 'ఇది నేను కొన్నది కాదు' అంటారు. బ్యాంకు మన దగ్గర్నుంచి డబ్బు లాక్కుని వాళ్ళకిచ్చేస్తుంది. పైగా మనకే జరిమానా."

"మరి ఆ ఉకులేలే?"

"వాళ్ళ దగ్గరే ఉంటుంది."

మనాంగ్ విసనకర్ర ఆపేసింది. "ఇంత మంచి బేరం ఉందని ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం ఇందాయ్, చెల్లీ? నేనూ రెండు కొంటాను!"

నవ్వు రాలేదు నాకు. ఇంటి వెనక షెడ్డులో నా మొగుడు డూలో, మరో ముగ్గురు పనివాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పనస కర్ర చెక్కి ఆ నాలుగు తీగల బుల్లి గిటార్లు చేస్తారు. వాటిని బలోద్ గిటార్స్ అనే పేరుతో ప్రపంచమంతా అమ్మేది నేను. ఆ ఖాతా ఆగిపోతే నాలుగు ఇళ్ళ పొయ్యి ఆరిపోతుంది.

కాబట్టి నియమాలు. పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాను.

ఒకటి: పార్సిల్ కట్టేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో.
రెండు: అందుకున్న మనిషి సంతకం పెట్టే పద్ధతిలో తప్ప ఏ పార్సిలూ పంపకూడదు.
మూడు: చార్జ్‌బ్యాక్ వచ్చిన రోజే జవాబు. ప్రతిదానితోనూ పోరాటం. ఒక్కటి కూడా వదిలేది లేదు!
నాలుగు: కోపం వద్దు. ఏడుపు వద్దు. కొన్నవాళ్ళకు నేరుగా ఒక్క ముక్క కూడా రాయకూడదు. అంతా బ్యాంకు ద్వారానే.

డూలో మంచినీళ్ళ కోసం వచ్చి, ఫ్రిజ్ ముందు నిలబడి మొత్తం చదివాడు.

"నాలుగోది కష్టం" అన్నాడు.

"ఎందుకు కష్టం?"

"నిన్ను పెళ్ళి చేసుకున్నాను కాబట్టి తెలుసు."

చూస్తాడుగా!


జనవరి 24

ఫోన్ నిలబెట్టే స్టాండు కొన్నాను. వీడియో మొదలు! ఈ రోజు ఫ్రాన్స్‌కి ఒకటి, జపాన్‌కి ఒకటి.

మొదటి వీడియోలో డూలో ఉకులేలేని పెట్టెలో పెట్టబోతూ శ్రుతి చూశాడు. శ్రుతి చూసినవాడు ఊరుకోకుండా పాట ఎత్తుకున్నాడు. షెడ్డులోంచి ముగ్గురూ వచ్చి కోరస్ కలిపారు. మనాంగ్ పాసింగ్ ప్రహరీ మీద నుంచి చప్పట్లు కొట్టింది.

"ఇది బ్యాంకు వాళ్ళు చూసే సాక్ష్యం డూలో! కచేరీ కాదు!"

"వాయిద్యం పనిచేస్తోందని సాక్ష్యం ఉండొద్దా మరి?"

ఆ మాటా నిజమే. వీడియో ఉంచేశాను. రెండోసారి మాత్రం పాడొద్దని గట్టిగా చెప్పాను. రెండోసారి ఈల వేశాడు.


జనవరి 31

వారం దాటింది. ఒక్క చార్జ్‌బ్యాక్ లేదు! వీడియోలు పదకొండు. సంతకాలు తొమ్మిది.

పదకొండుకి తొమ్మిదేమిటంటే, సంతకం తీసుకోవాలంటే కొరియర్‌కి అదనంగా కట్టాలి. పార్సిల్ కౌంటర్లో ఉండే ఇస్కో అన్న, మేం నోంగ్ ఇస్కో అంటాం, ఈ రోజు మెల్లగా అడిగాడు. "న్యూజిలాండ్‌కి కూడా సంతకం కావాలా అమ్మా? అక్కడ జనం మంచివాళ్ళని మా బావమరిది అంటాడు."

ఆలోచించాను. న్యూజిలాండ్ నుంచి మనకి ఇప్పటిదాకా ఏ గొడవా రాలేదు. న్యూజిలాండ్‌కి మినహాయింపు. పక్కనే ఉంది కదా అని ఆస్ట్రేలియాకి కూడా.

ఇది నియమం తప్పడం కాదు. సవరించడం.


ఫిబ్రవరి 6

వచ్చింది!!

బెల్జియం. మిసెస్ ఫెర్లిండెన్ అనే ఆవిడ. డిసెంబరులో ఉకులేలే కొంది. రంగు ఏది బాగుంటుందని నన్ను మూడుసార్లు అడిగింది. మనవరాలికి పోస్టులో పంపాలా చేతికివ్వాలా అని నా సలహా కూడా తీసుకుంది. ఇప్పుడు బ్యాంకుతో ఏమందట? "ఇది నేను కొన్నది కాదు. ఈ అమ్మకందారు ఎవరో నాకు తెలియదు."

నేనెవరో తెలియదా? క్రిస్మస్ శుభాకాంక్షలు ఎవరికి చెప్పావమ్మా మరి?

కోపం వద్దు. ఏడుపు వద్దు. నీళ్ళు తాగాను. జవాబు రాయడానికి కూర్చున్నాను.

మధ్యాహ్నానికి పంతొమ్మిది పేజీలైంది. ఆవిడ సందేశాలన్నీ, పార్సిల్ దారి పొడవునా ఎక్కడెక్కడ ఆగిందో ఆ వివరాలన్నీ, ఇంటి గుమ్మం దగ్గర దింపినట్టు కొరియర్ వాడు తీసిన ఫోటో. చివర్లో మా ఆయన వేళ్ళ గురించి ఒక పేరా.

డూలోకి చదివి వినిపించాను.

"నా వేళ్ళు ఎందుకు ఇందులో?"

"ఉలి తగిలి కాయలు కాశాయి కదా. చదివినవాళ్ళకి మనసు కరగాలి."

"బ్యాంకువాళ్ళకి నా వేళ్ళతో ఏం పని సెరింగ్? తీసెయ్." గ్లిసేరియా అనే నా పేరు ఆయన నోట్లో ఎప్పుడో సెరింగ్ అయిపోయింది.

తీసేశాను. తర్వాత, ఆయన షెడ్డులోకి వెళ్ళాక, మళ్ళీ పెట్టాను. చిన్నగా. రెండు వాక్యాలు.


ఫిబ్రవరి 7

ఐదు పేజీలకు మించితే తీసుకోరట! పొద్దున్నుంచి కత్తిరిస్తూనే ఉన్నాను. పార్సిల్ ఫోటో ఉంచాలా, ఆవిడ సందేశాలు ఉంచాలా అని తేల్చుకోలేక కళ్ళు తిరిగాయి. చివరికి వేళ్ళే పోయాయి.

పంపించేశాను. తీర్పుకి వారాలు పడుతుందట. పట్టనీ. ఈ కేసు నాది. ఇంత సాక్ష్యం ఉంటే ఎవరైనా నా వైపే తీర్పిస్తారు. మనాంగ్ పాసింగ్ దగ్గర నాలుగు పుల్లల మాంసం, కొబ్బరాకు పొట్లాల్లో ఉడికించిన పూసో అన్నం తెచ్చి అందరికీ పెట్టాను. విజయానికి ముందస్తుగా.


ఫిబ్రవరి 21

చాలా రోజులైంది రాసి. పని ఒత్తిడి.

వీడియోలు: ఫోన్ నిండిపోయింది. ఏదో ఒకటి తుడిచేయాలి. పార్సిళ్ళవి తుడవకూడదు. మా చెల్లెలి కూతురి పెళ్ళి వీడియో తుడిస్తే చంపేస్తుంది. కాబట్టి వీడియో బదులు ఫోటో. ఫోటో కూడా సాక్ష్యమే.

సంతకాలు: కెనడాకి కూడా మినహాయింపు ఇచ్చాను. చలిలో తలుపు తీసి సంతకం పెట్టాలంటే పాపం.

బ్యాంకు: ఉలుకూ పలుకూ లేదు.

నాలుగో నియమం మాత్రం చెక్కు చెదరలేదు! ఎవరికీ ఒక్క ముక్క రాయలేదు. మిసెస్ ఫెర్లిండెన్‌కి మనసులో రాసినవి లెక్కలోకి రావు.


మార్చి 4

ఇంకొకటి. నార్వే. హాల్వోర్సెన్ అనే ఆయన. కూతురి పుట్టినరోజుకి కొన్నాడు. "వస్తువు చెప్పినట్టు లేదు, పగిలింది" అని బ్యాంకుకి రాశాడు. ముందు మాకు రాయొచ్చు కదా? రాయలేదు. మనుషులు అంతే.

కానీ ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను! ఇది జనవరి 24 తర్వాత పంపినది. అంటే వీడియో ఉంది! కర్ర నునుపుగా, గీత కూడా లేకుండా మెరుస్తోంది. డూలో వాయిస్తూ కనిపిస్తున్నాడు కూడా. మా షెడ్డు దాటేటప్పుడు అది పగల్లేదు. ఇంతకన్నా ఏం కావాలి?

ఖాయంగా గెలిచే కేసు. నా మొట్టమొదటి గెలుపు. డూలోని పిలిచి ఆయన పంపిన ఫోటో చూపించాను, ఇద్దరం కలిసి నవ్వుకుందామని.

డూలో నవ్వలేదు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఫోటోని పెద్దది చేసి చూశాడు. పొట్ట భాగంలో పై నుంచి కింది దాకా సన్నటి చీలిక.

"ఇది కింద పడి పగిలింది కాదు" అన్నాడు.

"మరి?"

"కర్ర ఆరలేదు."

"అంటే?"

"క్రిస్మస్ గిరాకీ తీర్చే తొందరలో సరుకు అయిపోయింది. కొత్తగా కోసిన పనస దుంగ ఒకటుంటే, ఇంకా ఆరకముందే చెక్కాను. ఇక్కడ గాలిలో తేమ ఉంటుంది కాబట్టి నిలుస్తుంది. అక్కడ చలికాలం, ఇంట్లో హీటర్లు. లోపలి తడి ఒక్కసారిగా ఆరిపోయి చీలిపోయింది." ఫోన్ నా చేతికిచ్చేశాడు. "అది నా తప్పు సెరింగ్. ఆయన చెప్పింది నిజం."


మార్చి 5

పొద్దున్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. తర్వాత చాలా మాటలు.

"వీడియో ఉంది డూలో. వీడియోలో చీలిక లేదు. బ్యాంకు అదే చూస్తుంది."

"నేను చూశానుగా."

"నిన్నెవరు అడిగారు? ఇది ఒప్పుకుంటే లెక్కలో ఇంకొకటి పెరుగుతుంది. ఖాతా ఆపేస్తారు. షెడ్డులో ముగ్గురికి ఏం చెప్తావు? నేను నిజం చెప్పాను, మీరు ఇంటికెళ్ళండి అంటావా?"

"చెప్తాను."

"చెప్పు మరి! ఇప్పుడే వెళ్ళి చెప్పు!"

నేనేదో కోపంలో అన్నాను. ఆయన నిజంగానే వెళ్ళాడు. వంటింటి కిటికీలోంచి చూశాను. ముగ్గురినీ పని ఆపమన్నాడు. తడి కర్ర సంగతి చెప్పాడు. ఖాతా సంగతీ చెప్పాడు. నాకు మాటలు వినిపించలేదు గానీ చేతులు కనిపించాయి. అందరిలో పెద్దవాడు నోంగ్ బెబోట్, ఈ పనిలో డూలోకి గురువు లాంటివాడు, లేచి మూలన ఉన్న ఆ దుంగలో మిగిలిన ముక్కని గోటితో గీరి చూశాడు. వాసన చూశాడు. తర్వాత డూలో వీపు మీద ఒక్కటి చరిచాడు, స్కూలు పిల్లాణ్ణి కొట్టినట్టు. తర్వాత అందరూ మళ్ళీ పనిలోకి దిగారు.

మూడో నియమం ఫ్రిజ్ మీద నుంచి నన్నే చూస్తోంది. ఒక్కటి కూడా వదిలేది లేదు!

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. "పోరాడతారా? ఒప్పుకుంటారా?" అని తెర మీద రెండు బటన్లు. ఆకుపచ్చది పోరాడటానికి. బూడిద రంగుది ఒప్పుకోవడానికి. దాన్ని ఎవరూ నొక్కకూడదన్నట్టు చిన్నగా పెట్టారు.

చిన్నదే నొక్కాను.

డూలోకి చెప్పలేదు. భోజనాల దగ్గర ఆయనే నా మొహం చూసి, చేప తల తీసి నా కంచంలో వేశాడు.


మార్చి 8

డూలో కొత్తది చేశాడు. మూడేళ్ళుగా షెడ్డు కప్పు కింద ఆరుతున్న కర్రతో. ఆ కర్రని ఎవరికోసం దాచాడో నాకు తెలుసు. తనకోసం ఒక గిటారు చేసుకోవాలని.

నార్వేకి పంపాం. డబ్బు అడగలేదు. "తప్పు మాదే" అని ఒక్క లైను కాగితం మీద రాసి లోపల పెట్టాను. పార్సిల్‌లో పెట్టిన కాగితం నాలుగో నియమం కిందికి రాదు. రాదనే అనుకుంటున్నాను.

కౌంటర్లో నోంగ్ ఇస్కో అడిగాడు. "సంతకం పద్ధతేనా?"

"అవును."

"డబ్బులు రానిదానికి సంతకం ఎందుకమ్మా?"

ఎందుకో నాకూ తెలియలేదు. చేరిందో లేదో తెలుసుకోవాలనిపించింది, అంతే.


మార్చి 22

నార్వే పార్సిల్ చేరింది. హాల్వోర్సెన్ గారు ఏమీ రాయలేదు. థాంక్స్ లేదు, తిట్టు లేదు.

సంతకం కాగితం మాత్రం వచ్చింది. గీతలు ఒకదాని మీద ఒకటి పడి, ఒక అక్షరం తలకిందులుగా ఉంది. చివర పువ్వు బొమ్మ. తండ్రి పెట్టింది కాదు.

డూలోకి చూపించాను. చాలాసేపు చూశాడు. "గట్టి పిల్లే" అన్నాడు.


మార్చి 27

ఈస్టర్‌కి ముందు పవిత్ర వారం. దేవుడు నా ఓపికని పరీక్షిస్తున్నాడు.

బెల్జియం కేసు ఓడిపోయాను! ఐదు పేజీలు! కొరియర్ ఫోటో! అయినా ఓడిపోయాను! "కార్డుదారు ఈ అమ్మకందారుని గుర్తించలేదు" అని ఒక్క వాక్యం.

కింద ఇంకో ఉత్తరం. చార్జ్‌బ్యాక్‌లు పరిమితి దాటాయి కాబట్టి మా అమ్మకాల డబ్బు తనిఖీ అయ్యేదాకా వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారట. ఎప్పుడిస్తారో చెప్పలేరట.

షెడ్డులో అందరికీ ఈ వారం సగం జీతం. నోంగ్ బెబోట్ లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఫ్రిజ్ మీద కాగితం ఒక మూల ఊడి వేలాడుతోంది. అంటించలేదు.


ఏప్రిల్ 2

దేవుడా!

మా దుకాణం పేజీలో మిసెస్ ఫెర్లిండెన్ ఫోటో పెట్టింది. తనే! ఈస్టర్ గుడ్ల పక్కన సోఫాలో కూర్చుని, మన ఉకులేలే ఒళ్ళో పెట్టుకుని, పక్కన మనవరాలు, ఇద్దరూ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ! కింద రాసింది: "ఎంత తియ్యటి ధ్వని! ధన్యవాదాలు బలోద్ గిటార్స్!" ఐదు నక్షత్రాలు కూడా ఇచ్చింది!

కొన్నది నేను కాదంది. డబ్బు లాగేసుకుంది. ఇప్పుడు నక్షత్రాలు!

నాలుగో నియమం గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా రాశాను. వేళ్ళు వాటంతటవే పరిగెత్తాయి.

"అమ్మా, మీరు చాలా అందంగా నవ్వుతున్నారు. మీరు వాయిస్తున్న వాయిద్యం మీరు కొనలేదని మీ బ్యాంకుతో చెప్పారు. అది చేసిన నలుగురికి పోయిన వారం సగం జీతమే ఇవ్వగలిగాం. మీ మనవరాలికి ఈస్టర్ శుభాకాంక్షలు. దాని ధ్వని తియ్యగా ఉందంటే మా ఆయన సంతోషిస్తారు. ఆయన వేళ్ళకి కాయలు కాశాయి."

పంపించేశాక తినడానికి ఏమైనా దొరుకుతుందేమోనని మనాంగ్ పాసింగ్ దగ్గరికి వెళ్ళాను. ఏడుస్తున్నట్టున్నాను.

"పొగ ఇందాయ్, పొగ" అంది మనాంగ్, అడగకుండానే. స్టూలు జరిపి కూర్చోమంది.


ఏప్రిల్ 3

జవాబు వచ్చింది. డూలో పక్కనే కూర్చుని పైకి చదివాను.

"ప్రియమైన గ్లిసేరియా, నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఉకులేలేకి నేను డబ్బు కట్టాననే ఇప్పటిదాకా అనుకుంటున్నాను! బ్యాంకుకి నేను ఫిర్యాదు చేసింది ఉకులేలే గురించి కాదు. నా కార్డు కాగితంలో ఒక పెద్ద మొత్తం పక్కన 'గ్లిసేరియా ఎండుచేపలు, ఫిలిప్పీన్స్' అని ఉంది. మా ఆయనకి చేప పడదు. ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. ఇంత డబ్బు పోసి ఎండుచేపలు ఎందుకు కొన్నావని ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందుకే నా కార్డు ఎవరో దొంగిలించారని బ్యాంకుకి చెప్పాను. దయచేసి చెప్పండి, ఎండుచేపల గ్లిసేరియా మీ బంధువా?"

డూలో నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

ఆరేళ్ళ కింద, ఉకులేలేల కన్నా ముందు, నేను దంగ్గిట్ చేపలు ఎండబెట్టి ఆన్‌లైన్‌లో అమ్మేదాన్ని. కార్డు చెల్లింపుల ఖాతా అప్పుడు తెరిచిందే. దుకాణం పేరు మార్చాను. బొమ్మలు మార్చాను. ఖాతాలో పాత పేరే ఉంటుందని, అది కొన్నవాళ్ళ కాగితాల మీద పడుతుందని ఎవరికి తోస్తుంది?

క్రిస్మస్ అమ్మకాల మీద వచ్చిన మూడు చార్జ్‌బ్యాక్‌లూ తీసి చూశాను. "ఇది నేను కొన్నది కాదు." "ఇది నేను కొన్నది కాదు." "నేను శాకాహారిని."

డూలో మెల్లగా బల్ల మీద తల ఆనించాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. కాదు.

"నవ్వకు" అన్నాను.

"నవ్వట్లేదు."

"డూలో!"

"శాకాహారి, సెరింగ్..."

ఆ తర్వాత నాకూ ఆగలేదు. షెడ్డులోంచి అందరూ వచ్చి ఏమైందని అడిగితే ఇద్దరిలో ఒక్కరికీ మాట రాలేదు.


ఏప్రిల్ 5

ఖాతా పేరు మార్చాను. ఐదు నిమిషాల పని. ఆరేళ్ళు పట్టింది.

ఇప్పుడు కొన్నవాళ్ళ కాగితం మీద స్పష్టంగా "బలోద్ గిటార్స్" అని పడుతుంది. జరిగిందంతా కంపెనీకి రాశాను. కోపం లేకుండా, ఒక్క పేజీలో. మిసెస్ ఫెర్లిండెన్ బ్యాంకుకి రాసిన ఉత్తరం కూడా జత చేశాను. ఆవిడ డబ్బు మళ్ళీ కట్టింది. ఆవిడ మొగుడు క్షమాపణ చెప్పాడట, నాకు కాదు, ఆవిడకి.


ఏప్రిల్ 16

తనిఖీ ఇంకా నడుస్తోంది. డబ్బు అక్కడే ఉంది. ఎండలు మండుతున్నాయి.

ఎండ చూస్తే ఆలోచన వచ్చింది. మొన్న మనాంగ్ పాసింగ్‌తో కలిసి దంగ్గిట్ తెచ్చాను. కడిగి, చీల్చి, ఉప్పు పట్టించి, డాబా మీద వెదురు తట్టల్లో పరిచాం. చేతుల వాసన పోవడం లేదు. చేతులు మాత్రం పని మర్చిపోలేదు.

ఎండాక టూరిస్టులు దిగే రిసార్ట్ గేటు దగ్గరికి తీసుకెళ్తే ఈ సాయంత్రానికి అన్నీ అమ్ముడుపోయాయి. అక్కడికక్కడే చేతికి డబ్బు. కార్డు లేదు, బ్యాంకు లేదు. కొన్నవాళ్ళు కొన్నామని ఒప్పుకుంటున్నారు.

షెడ్డులో ఈ వారం పూర్తి జీతం. పొట్లం చేపలు కూడా.


ఏప్రిల్ 29

తనిఖీ అయిపోయింది! కంపెనీ మా డబ్బు విడుదల చేసింది! కొన్నాళ్ళు గమనిస్తూ ఉంటారట. గమనించనీ.

ఇంకో శుభవార్త. రిసార్ట్ గేటు దగ్గర చేపలు కొన్న ఒకామె సెలవు అయిపోయి దుబాయ్‌కి వెళ్తూ తీసుకెళ్ళిందట. ఆమె గదిలో ఉండేవాళ్ళంతా తిని ఇంకా కావాలంటున్నారు. ఆర్డర్లు! దుకాణం పేజీలో ఉకులేలేల కింద ఒక మూల చేపలకీ చోటు పెట్టాను. కార్డుతో కట్టొచ్చు.

వీడియోలు మళ్ళీ మొదలుపెట్టాను. చేపల పొట్లం కడుతున్నప్పుడు కూడా డూలో పాడాడు. అలవాటైపోయింది.


మే 14

పొద్దున ఫోన్ మోగింది. తెరిచాను. కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశాను.

చార్జ్‌బ్యాక్. దుబాయ్. దెలియా అనే అమ్మాయి. "ఇది నేను కొన్నది కాదు."

డూలో కాఫీ పట్టుకుని వచ్చి నా భుజం మీద నుంచి చదివాడు. కాఫీ బల్ల మీద పెట్టి, నేరుగా షెడ్డులోకి వెళ్ళిపోయాడు. లోపల్నుంచి నలుగురి నవ్వు ఒక్కసారిగా పేలింది.

ఏడుపు వద్దు. కోపం వద్దు. జవాబు రాయడానికి తెర తెరిచాను. సాక్ష్యం జత చేయబోయి ఆగాను. ఆర్డర్‌లో దెలియా ఫోన్ నంబరు ఉంది.

చేశాను. నేరుగా.

"హలో, నేను సెబూ నుంచి గ్లిసేరియాని మాట్లాడుతున్నాను..."

"మనాంగ్! చేపల మనాంగ్! ఎంత బాగున్నాయో తెలుసా? వేయిస్తుంటే పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు కొట్టారు, మేమూ సెబూ వాళ్ళమే, కాస్త పెట్టమని."

"సంతోషం అమ్మా. మరి బ్యాంకుకి కొనలేదని..."

"అదా! అదేదో మోసం మనాంగ్. ఎవడో నా కార్డుతో గిటార్లు కొన్నాడు! గిటార్లు! మా గదిలో ఆరుగురం ఉంటాం, మంచం మీద కాలు చాపుకోవడానికే చోటు లేదు, నేను గిటారు కొని ఎక్కడ పెట్టుకుంటాను?"

నేను చెప్పాను. మొదటి నుంచి, బెల్జియం దద్దుర్ల దగ్గర్నుంచి. తర్వాత దెలియా ఫోన్ స్పీకరులో పెట్టినట్టుంది, ఐదారు గొంతులు ఒకేసారి నవ్వాయి. ఫిర్యాదు ఈ రోజే వెనక్కి తీసుకుంటానంది. ఇంకో రెండు కిలోలు పంపమంది. ఇంటి సంగతులు చెప్పింది. వాళ్ళమ్మది మా పక్క ఊరేనట. ఫోన్ పెట్టేసేటప్పుడు, "మనాంగ్, ఆ చిన్న గిటారు నేర్చుకోవడం కష్టమా?" అని అడిగింది.

మధ్యాహ్నం ఖాతాలో పేరు మళ్ళీ మార్చాను. "గ్లిసేరియా: గిటార్లు, చేపలు." అన్ని అక్షరాలు పట్టవట. "గ్లిసేరియా గిటార్లు చే" దగ్గర ఆగిపోయింది. ఆ 'చే' చూసి ఎవరేం అనుకుంటారో తెలియదు.

ఫ్రిజ్ మీద పాత కాగితం తీసేశాను. కొత్తది.

రేపటి నుంచి! ప్రతి పార్సిల్‌కీ వీడియో. పాట లేకుండా. ప్రతి దేశానికీ సంతకం, న్యూజిలాండ్ సహా. ప్రతి చార్జ్‌బ్యాక్‌తోనూ పోరాటం, ఒక్కటి కూడా వదలకుండా, వచ్చిన రోజే, చల్లటి బుర్రతో!

ముందు కొన్నవాళ్ళకి ఫోన్ చేసి, బాగున్నారా అని అడిగాక.